అంచు మారని నత్త

సంక్రాంతి సెలవుల్లో మా మేనకోడలు అండమాన్ పోయొచ్చింది. హేవ్‌లాక్ దగ్గర నీళ్లలోకి దిగి తీసిన ఫొటోల్లోంచి రెండు వాట్సాప్‌లో పంపి, "మామా, ఇవి రెండూ ఒకటేనా, వేరేవేరేనా?" అని అడిగింది. రెండింట్లోనూ నీలిరంగు ఒళ్లు, పొడుగునా నల్ల గీతలు, చుట్టూ నారింజ అంచు. తల మీద రెండు నారింజ కొమ్ములు, వెనకవైపు పువ్వులా విచ్చుకున్న నారింజ మొప్పలు. ఒకదాని నీలం మీద నల్లటి నలకలు చల్లినట్టున్నాయి. రెండోదాని నీలం శుభ్రంగా ఉంది. తేడా అంతే.

ఇవి గుల్ల లేని సముద్రపు నత్తలు, న్యూడిబ్రాంక్‌లు. గుడ్డులోంచి వచ్చినప్పుడు చిన్న గుల్ల ఉంటుంది, ఎదిగేటప్పుడు దాన్ని వదిలేస్తాయి. మొలస్కా పాఠం అంటే పిల్లల చేత గుల్లల పేర్లు బట్టీ పట్టించడం అయిపోయింది. గుల్ల వదిలేసి, మెత్తటి ఒంటితో, ఇంత రంగేసుకుని పగటిపూట అందరి కళ్లముందు తిరిగే జీవి ఎట్లా బతుకుతుందన్న ప్రశ్న ఆ పాఠంలో రానే రాదు. నాకైతే మొత్తం పాఠంలో అదే అసలు సంగతి.

ఫొటో గైడుల లెక్కన నలకలున్నది క్రోమోడోరిస్ అన్నే, లేనిది క్రోమోడోరిస్ ఎలిజబెతినా. రెండింటికీ పేరు పెట్టింది డెన్మార్క్ శాస్త్రవేత్త రుడాల్ఫ్ బెర్గ్, అదీ ఒకే ఏడు, 1877లో. కానీ ఈ క్రోమోడోరిస్‌ల జన్యువుల్ని పోల్చి 2018లో వచ్చిన పరిశోధన, రంగును నమ్మొద్దని తేల్చింది. ఒకే జాతిలో రకరకాల డిజైన్లున్నాయి, వేరే జాతులకు ఒకే డిజైన్ ఉంది. అందుకే ఫొటో ఒక్కటే చూసి గట్టిగా చెప్పలేమని ఆ పిల్లకు రాశాను. "మరి రంగులెందుకు మామా?" అని వెంటనే ఇంకో మెసేజ్. దీనికి జవాబు గద్వాల చీరెలో ఉంది.

గద్వాల చీరెకు ఒళ్లు నూలు, అంచూ కొంగూ పట్టు. ఒంటికి ఒక నాడె (అడ్డపోగును నడిపేది), అంచులకు వేరే నాడెలు పెట్టి, రెండింటినీ మగ్గం మీదే కలుపుతారు. దాన్నే కుప్పడం పని అంటారు. ఒంటి మీద బుటాలు నేసేవాళ్ల ఇష్టం. మామిడి పిందె వేస్తారు, చుక్క వేస్తారు, ఏమీ వేయకుండా వదిలేస్తారు కూడా. పెళ్లిలో దూరం నుంచి చూసి "గద్వాల చీరె" అని మా అమ్మ పట్టేసేది అంచును చూసే. ఒంటి మీద ఎన్ని బుటాలున్నాయని ఎవరూ లెక్కపెట్టరు.

చేప కూడా అంతే. ఆస్ట్రేలియా తూర్పు తీరంలో గోనియోబ్రాంకస్ స్ప్లెండిడస్ అనే నత్త ఉంది. తెల్లటి ఒళ్లు, ఎర్రటి చుక్కలు, పసుపు అంచు. వేరువేరు చోట్ల నుంచి వాటిని తెచ్చి కొలిస్తే ఎర్ర చుక్కల రంగూ వరసా చోటుచోటుకూ మారాయి. పసుపు అంచు మాత్రం ఎక్కడా మారలేదు. ఆ గుంపుల మధ్య జన్యువులు చాలా దూరమైపోయినా అంచు అట్లాగే నిలిచింది. ట్రిగ్గర్ ఫిష్ అనే చేపతో పరీక్షిస్తే, అది పసుపు అంచును బట్టే "ఇది తినేది కాదు" అని గుర్తుపట్టి వదిలేసింది. ఈ ఫలితాలు 2017లో అచ్చయ్యాయి.

ఒక తరంలో అంచు లేని పిల్ల పుట్టిందనుకోండి. చేప దాన్ని గుర్తుపట్టదు, కొరుకుతుంది. ఆ పిల్ల పెద్దదై గుడ్లు పెట్టే అవకాశం తగ్గుతుంది. చుక్కలు నాలుగు ఎక్కువైనా తక్కువైనా చేపకు పట్టదు, కాబట్టి అవి తరతరానికీ మారుతూ పోవచ్చు. అంచును కాపలా కాస్తున్నది చేప జ్ఞాపకమే. చుక్కలకు ఆ కాపలా లేదు.

అంచులో ఇంకో గుట్టు ఉంది. ఈ నత్తలు స్పాంజిలను తిని వాటి విషాన్ని ఒంట్లో దాచుకుంటాయి. ఐదు క్రోమోడోరిస్ జాతుల్ని పరీక్షిస్తే, లాట్రంక్యులిన్-ఎ అనే విషం సరిగ్గా ఒంటి అంచులోనే పోగుపడి ఉంది. కణానికి ఆకారమిచ్చే యాక్టిన్ అనే ప్రొటీన్ అణువులు ఒకదానికొకటి అతుక్కుని దారంలా పెరుగుతాయి. లాట్రంక్యులిన్ ఒక్కో అణువునూ పట్టేసుకుని దారం కట్టనివ్వదు, దాంతో కణం లోపలి చట్రమే కూలిపోతుంది. చేప మొదటి కాటు అంచు మీద పడితే, దాని నోటికి ముందు తగిలేది ఆ విషమే.

మన చేలల్లో తొలకరికి కనబడే ఆరుద్ర పురుగుదీ ఇదే దారి. మఖమల్‌లాంటి ఆ ఎరుపు, "నేను రుచిగా ఉండను" అని చెప్పే బోర్డు. అది వానతో పాటు ఆకాశం నుంచి రాలుతుందని మా ఊళ్లో ఇప్పటికీ అంటారు. రాలదు. నేల తడిశాక మట్టిలోంచి పైకి వస్తుంది. గుప్పెట్లో పట్టుకున్న పిల్లవాడికి ఆ మట్టిని చూపిస్తే చాలు.

చిక్కేమిటంటే, చేపకు పనికొచ్చే గుర్తే, ఏది ఏ జాతో తేల్చడానికి మనకు పనికిరాదు. మంచి అంచు కనబడితే మర మగ్గాలవాళ్లు దించేస్తారు కదా. సముద్రంలో కూడా విషమున్న జాతులు ఒకే అంచును పంచుకుంటాయి, చేప ఒక్కసారి పాఠం నేర్చుకుంటే అందరికీ లాభం. అసలు నత్తలు కానే కాని చదును పురుగులు (ఫ్లాట్‌వర్మ్‌లు) కొన్ని సైతం ఇవే రంగులేసుకుంటాయి. అయితే వాటికి వీపు మీద మొప్పల పువ్వు ఉండదు. చీరెను తిరగేసి కుప్పడం అతుకు తడిమి చూసినట్టు ఇక్కడ కూడా లోపలికి పోవాలి. నోట్లోని రాడ్యులా అనే పళ్ల పట్టీని బయటికి తీసి, క్షారంలో కండను కరిగించి, ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు కింద పంటి కొక్కేల ఆకారం చూస్తారు. జననాంగాల అమరిక చూస్తారు. మైటోకాండ్రియాలోని కాక్స్-1 జన్యువులో ఓ 650 డీఎన్ఏ అక్షరాల ముక్కను చదివి పోలుస్తారు. హిప్సెలోడోరిస్ ఇబా అనే జాతిలో ఊదారంగువీ మీగడరంగువీ ఒకటేనని ఇట్లాగే తేలింది, అదీ 2018లోనే. ఆ రెండు రంగులూ జతకడుతుండగా తీసిన ఫొటో కూడా ఉంది.

ఈ పనికి మన తెలుగు తీరంలోనూ పాత చరిత్ర ఉంది. అమరావతి శిల్పాలను 1845లో తవ్వించిన బ్రిటిష్ అధికారి వాల్టర్ ఇలియట్, వాల్తేరులో ఉన్నప్పుడు ఈ నత్తల్ని కూడా పోగుచేశాడు. ఆల్డర్, హాన్‌కాక్ అనే ఇద్దరు ఇంగ్లండ్‌లో వాటిని వర్ణించి 1864లో ప్రచురించారు. అందులో ఒక నత్త పేరు కళింగ ఆర్నేటా. ఆ తీరం పాత పేరునే ప్రజాతికి (జీనస్‌కు) పెట్టారు. చెడిపోకుండా సారాయిలో వేసిన నత్త రంగు కొన్నాళ్లకే పోతుంది, అందుకే బతికున్నప్పటి రంగు ఎవరైనా చూసి రాసిపెట్టకపోతే పెద్ద లోటు.

మా మేనకోడలికి చివరగా ఒకటే రాశాను. ఈసారి పోతే నత్తను ముట్టుకోవద్దు, పైనుంచి ఒక్క ఫొటోతో ఆపొద్దు. పక్కనుంచి మొప్పలు, ముందునుంచి కొమ్ములు, అది ఏ స్పాంజి మీద కూర్చుందో ఆ స్పాంజి, అన్నీ పడాలి.