సైనికులు ఇంటికి తెచ్చిన మ్యాపులు, జ్ఞాపికలు: అపోహలు - వాస్తవాలు

రెండో ప్రపంచ యుద్ధం నాటి మ్యాపులు సేకరిస్తుంటాను. కొత్తగా ఇందులోకి వచ్చినవాళ్లు తరచూ పొరబడే విషయాలివి.

అపోహ: పెన్సిల్ గీతలుంటే మ్యాపు పాడైనట్టే, చెరిపేయాలి.

వాస్తవం: దయచేసి ఆ పని మాత్రం చేయకండి! అచ్చయిన ప్రతులు ఎన్నో ఉంటాయి. ఒక అధికారి చేత్తో గీసిన రేఖ, పక్కన వేసిన తేదీ మాత్రం ఆ ఒక్క ప్రతిలోనే ఉంటాయి. వాటిని చదవడంలోనూ జాగ్రత్త కావాలి. జర్మన్లు తమ దళాలను నీలంతో, శత్రువును ఎరుపుతో గుర్తించేవారు. సోవియట్ సైన్యానిది సరిగ్గా దీనికి తలకిందులు. చేతులు మారిన మ్యాపు మీద ఇద్దరి గీతలూ ఉండొచ్చు. గీసిందెవరో తేలకుండా ఎర్ర గీత ఎవరిదో చెప్పలేం.

అపోహ: కాగితం పసుపెక్కితే అసలుదే.

వాస్తవం: టీ డికాషన్‌లో ముంచినా పసుపెక్కుతుంది. భూతద్దం పెట్టి ఎత్తులు చూపే గోధుమరంగు గీతను చూడండి. అప్పట్లో ఒక్కో రంగుకు ఒక్కో అచ్చు ప్లేటు వాడేవారు కాబట్టి అసలు మ్యాపులో గీత తెగకుండా ఒకే రంగులో సాగుతుంది. ఈ మధ్య అచ్చేసిన నకలులో అదే గీత రంగురంగుల చుక్కలుగా విడిపోతుంది. తర్వాత చీకట్లో యూవీ (అతినీలలోహిత) టార్చి వేయండి. కాగితం నీలి తెలుపుగా మెరిస్తే అనుమానించాల్సిందే, ఆ మెరుపునిచ్చే రసాయనాలు కాగితంలో విరివిగా కలిపింది యుద్ధం తర్వాతే. మెరవనంత మాత్రాన అసలుదని కాదు.

అపోహ: తాతగారే స్వయంగా తెచ్చారు కాబట్టి నకిలీ అయ్యే ప్రసక్తే లేదు.

వాస్తవం: పసిఫిక్‌లో అమెరికా నేవీ నిర్మాణ దళాలవాళ్లు, అంటే సీబీలు, యుద్ధం జరుగుతుండగానే జపాన్ జెండాలు కుట్టి తోటివాళ్లకు అమ్మారు. చిక్కిందల్లా సైనికుడి సొంతమన్నదీ నిజం కాదు. శత్రు సైన్యపు ఆస్తి పట్టుకున్న దేశానికి చెందుతుంది. అప్పట్లో అమెరికన్ సైనికులు ట్రోఫీ, అంటే యుద్ధంలో చిక్కిన వస్తువు, ఇంటికి తెచ్చుకోవాలంటే పై అధికారి సంతకంతో సర్టిఫికెట్ ఉండాల్సి వచ్చేది. ఆ కాగితం దొరికితే వస్తువు నుంచి ఎప్పుడూ విడదీయకండి.

సంతకాలతో నిండిన జపాన్ జెండాలను చాలామంది రెజిమెంట్ జెండాలనుకుంటారు. అవి యుద్ధానికి వెళ్లే కుర్రాడికి ఇంట్లోవాళ్లు, స్నేహితులు, ఇరుగుపొరుగు రాసిచ్చినవి. ఎన్నో కుటుంబాలకు ఆ కుర్రాళ్ల అస్థికలైనా చేరలేదు. అందుకే వీటిని అమ్మడం నాకు ఇష్టముండదు. అమెరికాలోని ఒరెగాన్‌లో ఉన్న ఓబన్ సొసైటీ ఆ కుటుంబాలను వెతికి జెండాలు అప్పగిస్తోంది, ముందు వాళ్లను సంప్రదించండి.

ఇక మ్యాపుకు ల్యామినేషన్ మాత్రం వద్దు. వేడికి జిగురు కాగితంలోకి దిగిపోతుంది, మళ్లీ ఊడదీయడం చాలా కష్టం. పారదర్శకమైన పాలిస్టర్ ఫిల్మ్ కవర్లో పెట్టి, ఎండ తగలని చోట పరిచి ఉంచితే చాలు.