ఎంజైమ్ మాత్ర మింగితే క్యాన్సర్ కణం చావదు: అపోహలు - వాస్తవాలు

నేను ల్యాబ్‌లో చేసే పని కణాల చావు మీద. ఆ మాట చుట్టాల్లో ఒకరికి తెలిస్తే చాలు, నెలకు రెండు ఫోన్లు ఖాయం. మొన్న ఊరి నుంచి వరసకు అన్నయ్య చేశాడు. పెద్దమ్మకు రొమ్ము క్యాన్సర్, రెండు కీమోలయ్యాయి. జుట్టంతా ఊడింది. నోట్లో పుండ్లతో మజ్జిగ కూడా దిగడం లేదు. "చెల్లీ, ఎవరో ఈ కాగితం ఇచ్చారు. మూడో కీమో ఆపేసి ఇది వాడదామనుకుంటున్నాం, ఒకసారి చూడు" అని ఫొటో పెట్టాడు. బొప్పాయి ఎంజైమ్, లక్ష్మణఫలం ఆకు కలిపిన క్యాప్సూల్. "క్యాస్పేజ్-3ని యాక్టివేట్ చేసి క్యాన్సర్ కణాలను చంపుతుందని ల్యాబ్‌లో రుజువైంది" అని పెద్ద అక్షరాలు. అడుగున చిన్నగా, ఎంసీఎఫ్-7 కణాల మీద అని. అవి ల్యాబుల్లో పెంచే రొమ్ము క్యాన్సర్ కణాలు.

అన్నయ్య మీద నాకు కోపం రాలేదు. కన్నతల్లి ముద్ద మింగలేక ఏడుస్తుంటే ఎవరైనా ఏదో ఒకటి పట్టుకుంటారు. కోపం వచ్చింది ఆ కాగితం అచ్చువేసినవాళ్ల మీదే.

అపోహ: ప్రోటియేజ్ ఎంజైమ్ తింటే క్యాన్సర్ కణాలు చస్తాయి

ప్రోటియేజ్ అంటే ప్రోటీన్‌ను కోసే ఎంజైమ్. కణం తనను తాను చంపుకోవడానికి వాడే క్యాస్పేజ్‌లు ప్రోటియేజ్‌లే, బొప్పాయిలోని పపైన్ కూడా ప్రోటియేజే. రెండూ సిస్టీన్ అనే అమైనో ఆమ్లంతో కోసే రకమే. అంతవరకూ నిజం. కత్తెరా కోస్తుంది, కొడవలీ కోస్తుంది కదా అని దర్జీ చేతికి కొడవలి ఇస్తామా? పపైన్ దొరికిన ప్రోటీన్‌నల్లా నరుకుతుంది. మటన్ మెత్తబడాలని పచ్చి బొప్పాయి ముక్క వేసేది అందుకే. క్యాస్పేజ్ అలా కాదు, ప్రోటీన్ గొలుసులో ఆస్పార్టిక్ ఆమ్లం ఉన్న చోటు చూసుకుని దాని తర్వాతే కోస్తుంది. ఐక్యాడ్ అనే ప్రోటీన్‌ను కోసిందంటే, అది పట్టి ఉంచిన క్యాడ్ విడుదలై డీఎన్‌ఏను ముక్కలు చేస్తుంది.

పైగా క్యాస్పేజ్‌లను బయటి నుంచి తెచ్చుకోనక్కర్లేదు. దాదాపు ప్రతి కణంలోనూ అవి ఒరలో కత్తుల్లా ఉంటాయి. కణానికి శక్తినిచ్చే మైటోకాండ్రియా నుంచి సైటోక్రోమ్-సి అనే ప్రోటీన్ బయటికొచ్చి అపాఫ్-1 అనే ఇంకో ప్రోటీన్‌తో కలిస్తే ఏడు రేకుల చక్రం తయారవుతుంది. దాని మీద క్యాస్పేజ్-9 మేల్కొని 3ని, 7ని లేపుతుంది. క్యాన్సర్ కణం చాలాసార్లు చేసేది ఈ వరసలో ఎక్కడో తాళం వేసుకోవడమే. బీసీఎల్-2 అనే ప్రోటీన్ అలాంటి తాళం. దాని జన్యువు బయటపడింది 1980లలో. ఆ తాళం తెరిచే వెనిటోక్లాక్స్ అనే మందుకు అమెరికాలో ఆమోదం దొరికింది 2016లో, అదీ ఒక రకం రక్త క్యాన్సర్‌కు. మింగిన పపైన్ గతి వేరు. పప్పులో ప్రోటీన్ అరిగినట్టే అదీ అరుగుతుంది. కొంత మిగిలి రక్తంలో కలిసిందనుకున్నా, కణం పొర దాటి లోపలికి పోలేదు.

ఇక "ల్యాబ్‌లో రుజువైంది" సంగతి. ప్లేట్‌లో కణాలను చంపడానికి గొప్ప మందేం అక్కర్లేదు. అడుగున అంటుకున్న కణాలను ట్రిప్సిన్ అనే ప్రోటియేజ్ వేసి లేపుతాం. అప్పుడే ఫోనొచ్చి కబుర్లలో పడితే కణాలు పోయినట్టే. ఉప్పు ఎక్కువైనా చస్తాయి. క్యాస్పేజ్-3 మేల్కొంది అంటే కణం చచ్చే దారిలో పడింది అని మాత్రమే, మందు దొరికింది అని కాదు. లక్ష్మణఫలంలోని అనోనాసిన్ అనే పదార్థం మైటోకాండ్రియాను దెబ్బతీస్తుంది, నాడీకణాల్లో కూడా. కరీబియన్‌లోని గ్వాడెలూప్ దీవిలో ఆ పండు, ఆకు కషాయం బాగా వాడేవాళ్లలో పార్కిన్సన్ లాంటి జబ్బు ఎక్కువగా కనిపిస్తోందని 1999లోనే రాశారు.

ఎంసీఎఫ్-7 పేరు చూడగానే మాత్రం నవ్వొచ్చింది. పీహెచ్‌డీ మొదటి ఏడాది ఆ కణాలతోనే మూడు వారాలు వెస్టర్న్ బ్లాట్ మీద వెస్టర్న్ బ్లాట్ చేశాను. ఫలానా ప్రోటీన్ ఉంటే గీతలా, అంటే బ్యాండ్‌గా, చూపించే పరీక్ష అది. మైక్రోస్కోప్ కింద కణాలు చస్తున్నాయి, క్యాస్పేజ్-3 బ్యాండ్ మాత్రం రాదు. యాంటీబాడీ మార్చాను, బఫర్లన్నీ మళ్లీ కలిపాను, రాత్రి పదింటికి డార్క్‌రూమ్‌లో కూర్చుని ఏడ్చాను. చివరికి సీనియర్ అక్క "ఏ సెల్స్ వాడుతున్నావ్?" అంది. చెప్పగానే పకపకా నవ్వింది. ఆ కణాల్లో క్యాస్పేజ్-3 జన్యువులో 47 బేస్‌ల ముక్క ఊడిపోయింది, అసలా ఎంజైమే తయారవదు. 1998లో తేలిన సంగతి. లేని ఎంజైమ్‌ను ఈ క్యాప్సూల్ ఎలా లేపిందో ఆ కాగితం రాసినవాళ్లే చెప్పాలి.

మిగతావి గబగబా

కణాల చావంటే జబ్బు అనుకుంటారు. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లలో రోజుకు ఐదు వేల కోట్లకు పైగా కణాలు ఇలా పోతాయి. పిండంలో వేళ్ల మధ్య కణాలు చావబట్టే వేళ్లు విడివడ్డాయి. సి. ఎలిగాన్స్ పురుగులో పుట్టే 1090 కణాల్లో 131 చస్తాయి. ఆ లెక్క తీసిన పనికి 2002లో నోబెల్ వచ్చింది.

క్యాస్పేజ్‌లన్నీ చంపేవే అనేది కూడా తప్పే. క్యాస్పేజ్-1 ప్రధానంగా ఇన్‌ఫ్లమేషన్ (వాపు, మంట) పని చూస్తుంది.

కీమో "మంచి కణాలనీ చంపుతోంది కాబట్టి పనిచేయట్లేదు" అని అన్నయ్య భయం. చాలా కీమో మందులు కణాన్ని చివరికి ఈ క్యాస్పేజ్‌ల దారిలోకే నెడతాయి. వేగంగా విభజన చెందే జుట్టు కుదుళ్లు, నోటి పొర కూడా అందులో పడతాయి. అందుకే ఆ పుండ్లు. వాటి గురించి డాక్టరుకు చెప్పారా అని అడిగితే, "అడగలేదమ్మా, తిడతారేమోనని" అన్నాడు. చెప్పమన్నాను. పుక్కిలించడానికి మందు, నొప్పికి మందు రాశారు. మూడో కీమో వారం ఆలస్యంగా అయింది.

నిన్న మళ్లీ ఫోన్. "క్యాప్సూల్ పారేశాం. మరి బొప్పాయి పండు పెట్టొచ్చా, అమ్మ అడుగుతోంది?"

"పండుకేం, డాక్టరుతో ఒక మాట చెప్పి శుభ్రంగా కడిగి పెట్టు. ముందు నోరు మానిందా?"

"కాస్త నయం. పొద్దున పెరుగన్నం తింది."