డెబిట్ కార్డు ఓవర్‌డ్రాఫ్ట్: అమెరికా బ్యాంకు కౌంటర్ దగ్గర వినపడే అపోహలు, అసలు వాస్తవాలు

అమెరికాలో ఓ బ్యాంకు బ్రాంచిలో కొత్త ఖాతాలు తెరిచే సీటు నాది. ఆగస్టులో, జనవరిలో మాస్టర్స్‌కి వచ్చిన మన పిల్లలు వరసకట్టి వస్తారు. కొన్నాళ్ళకి వాళ్ళలో కొందరు ఫోన్‌లో స్టేట్‌మెంట్ చూపిస్తూ, "ఈ 35 డాలర్లు ఏంటండీ?" అని మళ్ళీ వస్తారు. ఈ పోస్టు వాళ్ళ కోసమే.

అపోహ: ఖాతాలో డబ్బు లేకపోతే డెబిట్ కార్డు పనిచేయదు. ఇక ఫీజు ఎక్కడిది?

మన దగ్గర అలవాటైన పద్ధతి అది. ఇక్కడ మాత్రం బ్యాంకు తన డబ్బు సర్దేసి మీ కొనుగోలును పోనిచ్చి, అందుకు ఫీజు వేసే ఏర్పాటు ఉంది. దీన్నే ఓవర్‌డ్రాఫ్ట్ అంటారు. ఒకప్పుడు చాలా బ్యాంకులు మనల్ని అడక్కుండానే ఇందులో చేర్చేవి. నాలుగు డాలర్ల కాఫీకి ముప్పై చిల్లర ఫీజు పడ్డ రోజులవి. 2009 నవంబరులో అమెరికా కేంద్ర బ్యాంకు ఫెడరల్ రిజర్వ్ దీనికి ఒక నిబంధన తెచ్చింది. ఏటీఎంలో తీసే డబ్బుకీ, కార్డుతో అప్పటికప్పుడు చేసే కొనుగోళ్ళకీ మీరు ముందుగా ఒప్పుకుంటేనే ఓవర్‌డ్రాఫ్ట్ ఫీజు వేయాలి. కొత్త ఖాతాలకు ఇది 2010 జులై 1న, పాతవాటికి ఆ ఆగస్టు 15న అమల్లోకి వచ్చింది. ఒప్పుకోకపోతే కార్డు డిక్లైన్ అవుతుంది, అంతే. అలా డిక్లైన్ అయినందుకు సాధారణంగా ఏమీ కట్టక్కర్లేదు.

అపోహ: నేనెక్కడా ఒప్పుకోలేదు.

ఇది విన్నప్పుడు నేను వాదించను, స్క్రీన్ తిప్పి చూపిస్తాను. ఖాతా తెరిచేటప్పుడు టకటకా "అగ్రీ" నొక్కుకుంటూ పోయిన పేజీల్లో ఒకటి ఇదే. నిబంధన ప్రకారం దీనికి విడిగా నోటీసు ఇచ్చి, మీరు ఒప్పుకున్నాక ధ్రువీకరణ కూడా పంపాలి. ఆ ఈమెయిలు ప్రమోషన్ల గుట్టలో ఉండి ఉంటుంది. ఎప్పుడు కావాలంటే అప్పుడు వద్దనే హక్కు మీకుంది. వద్దన్నారని బ్యాంకు మీకు తక్కువరకం ఖాతా ఇవ్వకూడదు. భార్యాభర్తల జాయింట్ ఖాతాలో ఒక్కరు ఒప్పుకున్నా ఇద్దరూ ఒప్పుకున్నట్టే. రద్దు చేయడానికీ ఒక్కరు చాలు.

అపోహ: ఆప్షన్ ఆపేశాను, ఇక ఏ ఫీజూ పడదు.

ఎక్కువమంది దెబ్బ తినేది ఇక్కడే. మీరు "వద్దు" అన్నది ఏటీఎంకీ, విడి కొనుగోళ్ళకీ మాత్రమే వర్తిస్తుంది. రాసిచ్చిన చెక్కులు, అకౌంట్ నంబరు ఇచ్చి పెట్టుకున్న ఆటోపేలు (ఏసీహెచ్), నెలనెలా కార్డు మీద కోసుకునే సబ్‌స్క్రిప్షన్లు దీని కిందకి రావు. వాటిని చెల్లించి ఫీజు వేయాలా, వెనక్కి పంపాలా అన్నది బ్యాంకు విధానాన్ని బట్టి ఉంటుంది.

ఒక లెక్క చూడండి. శుక్రవారం ఖాతాలో 60 డాలర్లున్నాయి. ఇండియన్ స్టోర్‌లో 45 డాలర్ల సరుకులకు కార్డు గీశారు. అది "పెండింగ్"లో ఉంది, అంటే వాడుకోవడానికి మిగిలింది 15. సోమవారం జిమ్ వాళ్ళ 25 డాలర్ల ఏసీహెచ్ వచ్చింది. పది తక్కువైంది కాబట్టి బ్యాంకు దాన్ని చెల్లించి 35 ఫీజు వేసింది. అరవైలో 25, 35 పోతే సున్నా. మంగళవారం సరుకుల 45 ఖాతాలోకి ఎక్కింది, బ్యాలెన్స్ మైనస్ 45. మీరు కార్డు ఓవర్‌డ్రాఫ్ట్‌కి ఒప్పుకుని ఉంటే కొన్ని బ్యాంకుల్లో దీనికీ ఇంకో 35 పడి మైనస్ 80 అవుతుంది. కార్డు గీసినప్పుడు మాత్రం డబ్బు నిక్షేపంలా ఉంది! ఒప్పుకోకపోతే ఈ రెండో ఫీజు వేయకూడదు. మొదటిది మాత్రం తప్పలేదు.

రెస్టారెంటు టిప్‌దీ ఇదే తంతు. ముందు బిల్లు మొత్తానికే ఆమోదం వస్తుంది, టిప్ కలిపిన మొత్తం తర్వాత ఎక్కుతుంది. యాప్‌లో కనిపించే బ్యాలెన్స్‌లో ఆ టిప్ అప్పటికి ఉండదు.

అపోహ: ఇప్పుడు ఫీజు ఐదు డాలర్లే, ప్రభుత్వం తగ్గించిందట కదా?

ఇది ఇంకా వాట్సాప్‌లో తిరుగుతూనే ఉంది. 2024 డిసెంబరులో వినియోగదారుల ఆర్థిక రక్షణ సంస్థ సీఎఫ్‌పీబీ ఈ నిబంధన ప్రకటించిన మాట నిజం. వెయ్యి కోట్ల డాలర్లకు మించిన ఆస్తులున్న బ్యాంకులకు ఐదు డాలర్ల పరిమితి అందులో ఒక మార్గం. 2025 అక్టోబరులో అమలు కావాల్సింది. ఈలోగా కాంగ్రెస్ ఉభయ సభలూ దాన్ని కొట్టేస్తూ తీర్మానం చేశాయి, 2025 మేలో అధ్యక్షుడు ట్రంప్ సంతకం పెట్టారు. పైగా అలా కొట్టేసిన నిబంధనలాంటిదాన్ని కొత్త చట్టం లేకుండా సంస్థ మళ్ళీ తేలేదు. కాబట్టి ఐదు డాలర్ల మాట మర్చిపోండి.

అపోహ: ఏ బ్యాంకైనా ఒకటే.

కానే కాదు. క్యాపిటల్ వన్, సిటీ బ్యాంకులు 2022లో ఓవర్‌డ్రాఫ్ట్ ఫీజు పూర్తిగా తీసేశాయి. బ్యాంక్ ఆఫ్ అమెరికా అదే ఏడాది 35 నుంచి పదికి దించింది. ఇంకొన్నిచోట్ల ఒక చిన్న మొత్తం దాకా మైనస్‌లోకి వెళ్ళినా ఫీజు ఉండదు, మరికొన్నిచోట్ల మర్నాటి దాకా గడువిస్తారు. ఇవన్నీ బ్యాంకులు తమంతట తాము పెట్టుకున్నవి, రేపు మార్చుకోవచ్చు కూడా. సేవింగ్స్ ఖాతాని లింక్ చేసుకుంటే అక్కడి డబ్బే సర్దుకుంటుంది. నన్నడిగితే కార్డు ఆప్షన్ ఆపేసి ఇది పెట్టుకోమంటాను, కానీ సేవింగ్స్‌లో నిజంగా డబ్బుండాలి మరి.

అపోహ: పడ్డ ఫీజు పడ్డట్టే.

అడగండి. మొదటిసారైతే చాలా బ్రాంచీల్లో వెనక్కి వేస్తారు. దబాయించక్కర్లేదు, బతిమాలక్కర్లేదు.

అపోహ: ఇండియా వెళ్ళిపోతున్నాం, మైనస్‌లో ఉంటే ఉండనీ.

క్రెడిట్ స్కోరుకి వెంటనే ఏమీ కాకపోవచ్చు. బాకీ కలెక్షన్‌కి వెళ్తే మాత్రం ఆ మచ్చ అక్కడా పడొచ్చు. దీనికి తోడు చెక్స్‌సిస్టమ్స్ అనే సంస్థ దగ్గర ఇలాంటి ఖాతాల చరిత్ర ఐదేళ్ళ దాకా ఉంటుంది. మళ్ళీ హెచ్1బీ మీద వచ్చి ఖాతా తెరవబోతే, చాలా బ్యాంకులు చూసేది దాన్నే. విమానం ఎక్కే నెలకి ముందే ఆటోపేలు ఒక్కొక్కటీ ఆపి, పెండింగ్‌లో ఏమీ లేవని చూసుకుని, ఖాతా మూసేసినట్టు కాగితం తీసుకోండి.