కాలేయ వైఫల్యానికి మూలకణాల చికిత్స: అపోహలు - వాస్తవాలు

అపోహ: మూలకణాలు ఎక్కిస్తే కొత్త కాలేయం పుట్టుకొస్తుంది.

వాస్తవం: రాదు. ఇందులో ఎక్కువగా వాడేవి ఎముక మజ్జ, బొడ్డుతాడు, కొవ్వుల నుంచి తీసిన మీసెంకైమల్ కణాలు (ఎముక, కొవ్వు వంటి కణజాలాలుగా మారగల ఒక రకం మూలకణాలు). ఒక్కోటీ 15 నుంచి 30 మైక్రాన్లు (మిల్లీమీటరులో వెయ్యో వంతులు) ఉంటుంది. ఊపిరితిత్తుల్లోని కేశనాళికల వెడల్పు సాధారణంగా 10 మైక్రాన్లు కూడా ఉండదు. చేతి నరంలోకి ఎక్కించిన కణాలు గుండె దాటగానే చేరేది అక్కడికే. చాలావరకు అక్కడే ఇరుక్కుని, కొద్ది రోజుల్లో చనిపోతాయి. కాలేయ ధమనిలోకే నేరుగా పంపితే? చేరడం చేరతాయి. కానీ కాలేయం గట్టిపడిపోయే సిరోసిస్‌లో మచ్చకట్టిన పీచు కణజాలం రక్తం నడిచే దారులనే మార్చేసి ఉంటుంది. పేగుల నుంచి కాలేయానికి రక్తం తెచ్చే పోర్టల్ సిరలో పీడనం పెరిగి పొట్టలో నీరు చేరేది, రక్తపు వాంతులయ్యేది అందువల్లే. దాన్ని కొన్ని కోట్ల కణాలు సరిచేయలేవు.

అపోహ: అయితే ఇదంతా మోసమే.

వాస్తవం: అదీ కాదు. ఈ కణాలు వదిలే రసాయనాలు రోగనిరోధక వ్యవస్థ విజృంభణను తగ్గించగలవు. 2017లో వచ్చిన చైనా అధ్యయనంలో, హెపటైటిస్ బి ఉన్నట్టుండి విషమించిన 110 మందిలో కొందరికి వారానికోసారి, 4 వారాలు దాత కణాలు ఎక్కించారు. 24 వారాలకు వాళ్లలో 73.2 శాతం మంది బతికున్నారు. మామూలు చికిత్స పొందినవారిలో 55.6 శాతం. మంచి అంకెలే, కాకపోతే ఒక్క కేంద్రంలోవి, పైగా ఎవరికి ఏమిస్తున్నారో రోగులకు, డాక్టర్లకు తెలియకుండా దాచలేదు. 2018 నాటి బ్రిటన్ ట్రయల్ 'రియలిస్టిక్'లో 81 మంది సిరోసిస్ రోగులపై మజ్జలోని మూలకణాలను రక్తంలోకి రప్పించే జీ-సీఎస్ఎఫ్ ఇంజెక్షన్‌ను ఒంటరిగానూ, రోగి రక్తంలోంచి వేరుచేసిన సొంత సీడీ133 రకం మూలకణాలతో కలిపీ పరీక్షించారు. కాలేయ జబ్బు ఎంత ముదిరిందో చెప్పే మెల్డ్ స్కోరు (అంకె పెరిగేకొద్దీ ప్రమాదం) మెరుగుపడలేదు, పైగా దుష్ప్రభావాలు పెరిగాయి.

అపోహ: సొంత కణాలే కదా, హాని ఏముంటుంది?

వాస్తవం: ల్యాబ్‌లో పెంచేటప్పుడు బ్యాక్టీరియా చేరవచ్చు. కొన్ని కణాల మీదుండే టిష్యూ ఫ్యాక్టర్ అనే ప్రొటీన్ రక్తాన్ని గడ్డకట్టించగలదు.

అపోహ: ఎక్కించాక రిపోర్టులు బాగుపడ్డాయి, అంటే పనిచేసినట్టే.

వాస్తవం: ఏ రిపోర్టో చూడాలి. పొట్టలోంచి 5 లీటర్లకు మించి నీరు తీస్తే, తీసిన లీటరుకు 6 - 8 గ్రాముల చొప్పున అల్బుమిన్ (కాలేయం తయారుచేసే రక్తంలోని ప్రొటీన్) ఎలాగూ ఎక్కిస్తాం. మర్నాడు అల్బుమిన్ పెరిగిందంటే వింతేముంది? ప్లాస్మా ఇచ్చినా ఐఎన్ఆర్ (రక్తం గడ్డకట్టడానికి పట్టే సమయాన్ని చూపే పరీక్ష) దిగుతుంది, కానీ ప్లాస్మాలోని, రక్తాన్ని గడ్డకట్టించే ఏడో ఫ్యాక్టర్ కొన్ని గంటల్లోనే తరిగిపోతుంది కాబట్టి మళ్లీ ఎక్కుతుంది. మద్యం పూర్తిగా మానేసినా, హెపటైటిస్ బికి టెనోఫోవిర్ అనే వైరస్ మందు మొదలుపెట్టినా కొందరిలో బిలిరుబిన్ (కామెర్లలో పెరిగే పసుపు పదార్థం) నెలల్లో దిగొస్తుంది. ఆ మధ్యలో కణాలు ఎక్కిస్తే పేరు వాటికి పోతుంది.

అపోహ: ముందు ఇది చూసి, కుదరకపోతే కాలేయ మార్పిడికి వెళ్దాం.

వాస్తవం: అసలు నష్టం ఇక్కడే. మెల్డ్ 15కు చేరినా, పొట్టలో నీరు, మతి తప్పడం, రక్తపు వాంతులు మొదలైనా మార్పిడి కేంద్రంలో చూపించాలి. ఎదురుచూస్తుండగా ఆ నీటికి ఇన్ఫెక్షన్ సోకి కిడ్నీలు దెబ్బతింటే, శరీరం ఆపరేషన్‌కు తట్టుకోలేకపోవచ్చు. అప్పటిదాకా ఆరోగ్యంగా ఉన్న కాలేయం హఠాత్తుగా విఫలమైతే గడువు రోజుల్లోనే ఉంటుంది. పారాసిటమాల్ మోతాదు మించడమే కారణమైతే ఎన్-ఎసిటైల్‌సిస్టీన్ అనే విరుగుడు మందు వెంటనే పడాలి.

అపోహ: ట్రయల్ అన్నారు కాబట్టి నమ్మవచ్చు.

వాస్తవం: రిజిస్ట్రేషన్ నంబరు, ఎథిక్స్ కమిటీ అనుమతి అడగండి. కణాలు ఎక్కడివి, కిలో బరువుకు ఎన్ని, ఫ్రీజింగ్ నుంచి తీశాక వాటిలో బతికున్నవెన్ని, పోల్చడానికి మరో జట్టు ఉందా, ఏదైనా తేడా వస్తే ఖర్చెవరిది, ఈలోగా మార్పిడి జాబితాలో మీ పేరు అలాగే ఉంటుందా అన్నవి రాతపూర్వకంగా తీసుకోండి. కణాలకే డబ్బు కట్టమంటే సంతకం పెట్టే ముందు మీ లివర్ డాక్టరుకు ఆ కాగితాలు చూపించండి.