బీడు దీవికి బయలుదేరే ముందు

శ్రీ విజయపురం (మునుపటి పోర్ట్ బ్లెయిర్), అండమాన్

చిన్నీకి, బాబీకి, వాళ్ల వెంట మేమూ వస్తామంటున్న మిగతా పిల్లలందరికీ తాతయ్య ఆశీస్సులు.

మీ ఉత్తరం అందింది. వేసవి సెలవుల్లో బారెన్ ద్వీపానికి (బారెన్ అంటే బీడు) వెళ్లి, అగ్నిపర్వతం ఎక్కి, బిలం అంచున కూర్చుని మొక్కజొన్న పొత్తులు కాల్చుకుంటామని రాశారు. పటం కూడా గీశారు. పటం బాగుంది. పొత్తుల సంగతి మాత్రం మరిచిపోండి. ఆ దీవి మీద యాత్రికులను కాలు పెట్టనివ్వరు. అటవీ శాఖ అనుమతి తీసుకుని పడవలో వెళ్లి, దూరం నుంచి చూసి, వచ్చిన దారినే తిరిగి రావాలి.

ఇక్కడికి చదివేసరికి బాబీ మూతి ముడుచుకుని ఉంటాడు. నేనూ మొదట అలాగే ముడుచుకున్నాను. ఆ కథ తర్వాత చెబుతాను.

ముందు మీ పటంలో ఒక తప్పు సరిదిద్దాలి. దీవిని సముద్రం మీద తేలుతున్న బోర్లించిన గిన్నెలా గీశారు. చెరువులో పడుకున్న గేదెను చూశారుగా? ముట్టె, కొమ్ములు తప్ప ఏమీ కనిపించదు, గేదె మొత్తం నీళ్లలోనే ఉంటుంది. బారెన్ కూడా అంతే. నీటి పైన కనిపించేది సుమారు 350 మీటర్లు. నీటి కింద రెండు కిలోమీటర్లకు పైగా ఉంది. పైన కనిపించే దీవి వెడల్పు మూడు కిలోమీటర్లే. పేరుకు బీడు దీవి అయినా బయటి వాలుల మీద కొంత అడవి ఉంది. మనుషులు మాత్రం లేరు.

నిప్పు ఎక్కడిది అని చిన్నీ అడిగింది. మన దేశాన్ని మోస్తున్న భూఫలకం, అంటే భూమి పైపొరలోని ఒక పెద్ద పలక, పడమటి నుంచి వచ్చి అండమాన్ కిందికి దూరుతోంది. అది లోతుకు వెళ్లేకొద్దీ తనలోని నీటిని వదులుతుంది. వేడెక్కి ఉన్న రాతికి ఆ నీరు తగిలితే కరగడానికి అంత వేడి అక్కర్లేదు. అమ్మ అరిసెల పాకం పట్టేటప్పుడు గమనించండి. పొడి బెల్లం పెనం మీద మాడుతుంది, గ్లాసు నీళ్లు పోస్తే సులువుగా కరుగుతుంది. రాతి సంగతి అచ్చంగా ఇదే కాదు గానీ, గుర్తు పెట్టుకోవడానికి ఇది చాలు. అలా కరిగిన శిల తేలికై పైకి వస్తుంది. 2004 డిసెంబర్ 26న సునామీ తెచ్చిన భూకంపం కూడా ఈ ఫలకం కదలిక వల్లనే పుట్టింది. మరుసటి ఏడాది మే నెలలో బారెన్ మళ్లీ నిద్ర లేచింది. రెండింటికీ సంబంధం ఎంత అనేది శాస్త్రవేత్తలు తర్కించుకునే విషయం.

ఈ పర్వతం నిద్ర చిత్రమైనది. 1787లో మండినట్టు మొదటి నమోదు ఉంది. పందొమ్మిదో శతాబ్దంలో కొంతకాలం మండి, ఆ తర్వాత నూరేళ్లకు పైగా మూలుగు కూడా లేదు. ఇక చల్లారిందని అనుకుంటూ ఉండగా 1991లో లావా సముద్రం దాకా పారింది. 2017 జనవరిలో గోవా సముద్ర విజ్ఞాన సంస్థవారు సింధు సంకల్ప్ అనే ఓడలో దగ్గరలోనే పని చేసుకుంటుంటే ఉన్నట్టుండి బూడిద చిమ్మింది. వాళ్లు ఓడను మైలు దూరానికి జరిపి చూశారు. పగలు కనిపించింది బూడిద మేఘమే. పొద్దు గూకాక ఎర్రటి లావా ఎగజిమ్మడం కనిపించింది. మీ ప్రయాణానికి దీన్నిబట్టి వేళ నిర్ణయించుకోవాలి. నిప్పు చూడాలంటే చీకటి ఉండగానే అక్కడికి చేరాలి.

లెక్క వేద్దాం. ఇక్కడి నుంచి ఈశాన్యంగా దాదాపు 140 కిలోమీటర్లు. గంటకు 18 కిలోమీటర్లు నడిచే పడవకు ఎనిమిది గంటలు. మన గడియారమే ఇక్కడా నడుస్తుంది గానీ, మేం తూర్పున ఉన్నాం కనుక ఏప్రిల్‌లో అయిదు గంటలకే తెల్లవారుతుంది. కాబట్టి రాత్రి ఎనిమిది దాటకుండా బయలుదేరాలి. పంచాంగం చూసి అమావాస్యకు దగ్గర రోజు ఎంచుకోండి. వెన్నెలలో చిన్న నిప్పు వెలవెలబోతుంది.

నెల గురించి మీతో ఒప్పుకోను. మీ వేసవి సెలవులు మొదలై సర్దుకునేసరికి మే వస్తుంది. అప్పటికి ఇక్కడి సముద్రానికి కోపం మొదలవుతుంది, తుపాన్లూ ఆ నెలలో పుడతాయి, వెనకే నైరుతి రుతుపవనాలు. సంక్రాంతి సెలవులకు రండి. ఫిబ్రవరి, మార్చి ఇంకా మంచివే గానీ మీ పరీక్షలను నేను వాయిదా వేయించలేను. విశాఖ నుంచి ఓడలో వస్తే సముద్రం మీద రెండు రోజులకు పైగా పడుతుంది, విమానమైతే గంటల్లో పని. నేనైతే ఓడ అంటాను. నడి సముద్రంలో ఒక రాత్రి గడిపితే మీ కడుపు సంగతి ముందే తెలిసిపోతుంది.

ఇప్పుడు నా కథ. చాలా ఏళ్ల కిందట మేం పదిమందిమి కలిసి ఒక పడవ మాట్లాడుకున్నాం. మూడు గంటలు వెళ్లాక గాలి మారింది. అలలు పడవ అంచు దాకా లేస్తున్నాయి. సరంగు ఎవరినీ అడగకుండా పడవ వెనక్కి తిప్పాడు. సోంపేట ప్రాంతం నుంచి వచ్చి స్థిరపడిన మత్స్యకారుడు, మన మాటే మాట్లాడతాడు. అయినా అతనితో నేను గట్టిగా గొడవ పడ్డాను. డబ్బు పోయింది, సెలవు పోయింది. "సముద్రానికి మీ సెలవులతో పనేముంది బాబూ" అన్నాడు. నాకు ఒళ్లు మండిపోయింది. తెల్లవారి చూస్తే రేవులో పెద్ద పడవలు కూడా లంగరు ఎత్తలేదు. మరుసటి ఏడాది మళ్లీ అతన్నే వెతుక్కుంటూ వెళ్లాను.

రెండోసారి చేరాం. చీకట్లో ఎవరో కొండ మీద కూర్చుని బీడీ పీలుస్తున్నట్టు ఒక చిన్న ఎర్రటి చుక్క. వెలుగుతుంది, మసకబారుతుంది, మళ్లీ వెలుగుతుంది. తెల్లవారాక చూస్తే నల్లటి శంకువు, పైన పొగ, గీసిన అగ్గిపుల్ల వాసన. పడవలో అందరూ మాటలు మానేశారు. మీరు వచ్చినప్పుడు ఆ చుక్క కూడా కనిపించకపోవచ్చు, పొగ తప్ప ఏమీ లేని రోజులే ఎక్కువ. దానికీ సిద్ధపడి రండి.

అందుకే తిరుగు టిక్కెట్టుకు ముందు రెండు రోజులు ఖాళీగా ఉంచమని నాన్నకు చెప్పండి. పడవ మొత్తం మాట్లాడుకోవాలి కనుక మంది పెరిగితే తలకు ఖర్చు తగ్గుతుంది. అయినా ఎక్కువమందిని ఎక్కిస్తానన్న పడవ వద్దు. రెండు ఇంజన్లు, వైర్‌లెస్ ఉన్నది కావాలి, ఎందుకంటే నడి సముద్రంలో ఫోను పలకదు. గాలి ఎటు నుంచి వీస్తే పర్వతానికి అటువైపే ఉండాలి, బూడిద మన మీదికి రాదు. కళ్లద్దాలు, ముక్కుకు కట్టుకోవడానికి తడి గుడ్డ మీ సంచిలోనే ఉండాలి. వాంతుల మాత్ర డాక్టరును అడిగి ముందే వేసుకోండి. నేను అల్లం మురబ్బా చేయించి ఉంచుతాను. పడవ నడుమ కూర్చోండి, అక్కడ ఊపు తక్కువ.

నార్కొండం దీవి కూడా చూడాలని రాశారు. అది ఇంకా ఉత్తరాన ఉంది, ఒకే ప్రయాణంలో కుదరదు. ఆ పేరు నరకకుండం నుంచి వచ్చిందని కొందరు అంటారు. మండేది బారెన్ అయితే పేరు దానికెలా వచ్చిందో! నాకైతే పటం గీసినవాళ్లు తారుమారు చేశారనే అనుమానం. మండని ఆ దీవిలో ఒక రకం కొమ్ముముక్కు పక్షి (హార్న్‌బిల్) ఉంది, ప్రపంచంలో ఇంకెక్కడా లేదు.

చిన్నీ, నీ మేకల ప్రశ్న మరిచిపోలేదు. నిజమే, ఎప్పుడో మనుషులు వదిలిన మేకలు బారెన్ మీద అడవి మేకలై బతుకుతున్నాయి. దీవిలో మంచినీటి ఊటలు ఉన్నాయట. మనల్ని దిగనివ్వరు గానీ వాటినెవరూ అనుమతి అడగలేదు.

ఈ వారంలోనే ఒక పని చేయండి. అమ్మ దగ్గర టేపు తీసుకుని ఒక్కొక్కరి ఛాతీ కొలత, బరువు రాసి పంపండి. ఇక్కడి పడవల్లో లైఫ్ జాకెట్లు పెద్దవాళ్ల కొలతలోనే ఎక్కువ. చిన్నవి ముందుగా వెతికి పెట్టాలి. బాబీ, ఊపిరి బిగబట్టి కొలిపించుకోవద్దు.

మీ
తాతయ్య