పిల్లలు కనబడకపోతే 24 గంటలు ఆగాలా? బడులు తెరిచే వేళ కొన్ని అపోహలు - వాస్తవాలు

జూన్ 12న స్కూళ్లు తెరుస్తారు. ఆ వారమంతా మా సిబ్బందికి పొద్దున, సాయంత్రం స్కూలు గేట్ల దగ్గరే డ్యూటీ. ట్రాఫిక్ చూసుకోవాలి, కిక్కిరిసిన ఆటోలు ఆపాలి, ప్రేయర్ టైమ్‌లో పిల్లలతో పది నిమిషాలు మాట్లాడాలి. ఆ తర్వాత పేరెంట్స్ మీటింగ్. హైదరాబాద్ శివార్లలో ఎస్‌ఐగా పనిచేస్తున్న నాకు ఈ మీటింగుల్లో ఏటా ఎదురయ్యే ప్రశ్న ఒకటుంది. అందరూ లేచి వెళ్లిపోతున్నప్పుడు ఎవరో ఒక తల్లి దగ్గరికొచ్చి మెల్లగా అడుగుతుంది: "మేడమ్, పిల్లలు కనబడకపోతే ఒక రోజు చూశాకే కదా మీరు కంప్లైంట్ తీసుకునేది?"

ఈ ఒక్క అపోహ వల్ల జరిగినంత నష్టం ఇంకే అపోహ వల్లా జరగడం నేను చూడలేదు. అందుకే ముందు దీని గురించే వివరంగా రాస్తున్నాను.

అపోహ: 24 గంటలు దాటితేనే మిస్సింగ్ కేసు పెడతారు.

వాస్తవం: అలాంటి నిబంధన ఏ చట్టంలోనూ లేదు. ఉన్నది దీనికి పూర్తిగా వ్యతిరేకమైనది. 2013 మే నెలలో బచ్‌పన్ బచావో ఆందోళన్ అనే బాలల హక్కుల సంస్థ వేసిన కేసులో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది: పద్దెనిమిదేళ్ల లోపు పిల్లలు కనబడటం లేదని ఫిర్యాదు వస్తే, దాన్ని కిడ్నాప్ లేదా అక్రమ రవాణా కావచ్చన్న అనుమానంతోనే చూడాలి, ఎఫ్‌ఐఆర్ నమోదు చేయాలి. 2016లో వచ్చిన జువెనైల్ జస్టిస్ (బాలల న్యాయ) మోడల్ రూల్స్ కూడా వెంటనే ఎఫ్‌ఐఆర్ కట్టాలనే అంటున్నాయి. నాలుగు నెలల్లో ఆచూకీ దొరక్కపోతే కేసును మానవ అక్రమ రవాణా నిరోధక విభాగానికి అప్పగించాలని కూడా వాటిలో ఉంది. చట్టంలో 24 గంటల మాట ఉన్నది వేరే చోట. అరెస్టు చేసిన మనిషిని అంతలోపు మేజిస్ట్రేట్ ముందు హాజరుపరచాలి. దానికీ తప్పిపోయిన పిల్లలకూ ఏ సంబంధమూ లేదు.

ఆ మొదటి గంటల్లో మేమేం చేస్తామో తెలిస్తే తొందరపడమని ఎందుకంటున్నానో అర్థమవుతుంది. ఫిర్యాదు అందగానే పిల్లల ఆనవాళ్లు వైర్‌లెస్ సెట్‌లో చెబుతాం. గస్తీ తిరిగే మా పెట్రో కార్లు, బ్లూ కోల్ట్స్ బండ్లు ఆ చుట్టుపక్కల తిరగడం మొదలుపెడతాయి. ఒకరు స్కూలు గేటు దగ్గరి కెమెరాతో మొదలుపెట్టి, అక్కడి నుంచి వరసగా ఒక్కో షాపు కెమెరా చూసుకుంటూ వెళతారు. ఫోటో బస్టాండ్లకు, రైల్వే పోలీసులకు, ఆర్‌పీఎఫ్‌కు, పిల్లల హెల్ప్‌లైన్ 1098 వాళ్లకు వెళుతుంది. పిల్లవాడు ఊళ్లోనే ఉన్నంతవరకూ ఈ వల పనిచేస్తుంది. ఒకసారి రైలెక్కేశాడంటే వెతకాల్సిన చోటు గంటగంటకూ పెరిగిపోతుంది.

కొన్నేళ్ల కిందట ఒక ఏడో తరగతి అబ్బాయి సాయంత్రం ఇంటికి రాలేదు. యూనిట్ టెస్టులో మార్కులు తగ్గాయి, ఆ పేపరు మీద నాన్నతో సంతకం పెట్టించుకురమ్మన్నారు. స్కూలు వదిలింది నాలుగున్నరకు. వాళ్లమ్మ ఐదున్నరకల్లా స్టేషన్‌లో ఉంది. వచ్చీ రాగానే ఆమె అన్న మాట: "ఇంత తొందరగా వచ్చానని కోప్పడకండి మేడమ్." ఆ తొందరే ఆమె బిడ్డను కాపాడింది. బస్టాపు ఎదురుగా ఉన్న మెడికల్ షాపు కెమెరాలో అబ్బాయి సికింద్రాబాద్ బస్సెక్కడం కనిపించింది. రైల్వే పోలీసులకు ఫోటో పంపాం. ఎనిమిది కాకముందే ప్లాట్‌ఫామ్ మీద బ్యాగు ఒళ్లో పెట్టుకుని కూర్చున్న పిల్లవాడిని పట్టుకున్నారు. ఏ రైలెక్కాలో అప్పటికి ఇంకా తేల్చుకోలేదట.

ఇంకో కేసులో పదో తరగతి అమ్మాయి. తల్లిదండ్రులు మూడు రోజులు ఎవరికీ చెప్పకుండా చుట్టాలిళ్లన్నీ తిరిగి వెతికారు. ఆడపిల్ల విషయం, నలుగురికీ తెలిస్తే పరువు పోతుందని భయం. మా దగ్గరికి వచ్చేసరికి అమ్మాయి ఫోన్ స్విచాఫ్. ఆమె ఎక్కిన ఆటో కనబడాల్సిన షాపు కెమెరాలో పాత రికార్డింగు చెరిగిపోయి కొత్తది ఎక్కింది. చివరికి వేరే రాష్ట్రంలో దొరికింది, చాలా వారాల తర్వాత. ఆ వారాల్లో ఆ పిల్ల ఏం అనుభవించిందో ఇక్కడ రాయను. ఆ తండ్రి మాత్రం నా ముందు కూర్చుని ఒకటే మాట పదేపదే అన్నాడు: "మొదటి రోజే రావాల్సింది." ఆయన్ని తప్పుపట్టడానికి నాకు మనసొప్పలేదు. ఆయనకు ఆ భయం నేర్పింది చుట్టూ ఉన్న మనమే.

పరువు గురించి భయపడేవాళ్లకు ఇది గట్టిగా చెప్పాలి. కేసులో ఉన్న పిల్లల గుర్తింపు బయటపెట్టడం జువెనైల్ జస్టిస్ చట్టం 74వ సెక్షన్ ప్రకారం నేరం. లైంగిక నేరమైతే పోక్సో చట్టం కూడా పత్రికలకూ టీవీలకూ అదే కట్టడి పెట్టింది. అమ్మాయి ఇష్టపడే వెళ్లిందని ఎవరైనా అంటే, పద్దెనిమిదేళ్లు నిండని పిల్ల ఇష్టానికి చట్టం విలువ ఇవ్వదు. సంరక్షకుల దగ్గర నుంచి తీసుకెళ్లడమే కిడ్నాప్. మీ ఇంటి విషయం మా దగ్గరికొస్తే బజారున పడుతుందని అనుకోకండి. మీరు వెతుక్కుంటూ తిరిగే ముప్పై ఇళ్లకంటే స్టేషన్‌లోనే అది గుట్టుగా ఉంటుంది.

"మా లిమిట్స్ కాదు, ఫలానా స్టేషన్‌కు వెళ్లండి" అన్న మాట విని వెనక్కి వచ్చేసిన తల్లిదండ్రులు కూడా నాకు తెలుసు. ఆ మాట తప్పు. నేరం ఎక్కడ జరిగినా ఏ స్టేషన్‌లోనైనా జీరో ఎఫ్‌ఐఆర్ కట్టి, తర్వాత సంబంధిత స్టేషన్‌కు పంపవచ్చు. 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహిత 173వ సెక్షన్‌లో ఈ విషయం నేరుగా రాసి ఉంది. మీరు రాసివ్వనక్కర్లేదు, నోటితో చెబితే మేమే రాసుకుని మీకు చదివి వినిపించాలి. ఎఫ్‌ఐఆర్ కాపీ ఉచితం. ఎవరైనా "రేపు చూద్దాం" అంటే అక్కడే నిలబడి స్టేషన్ ఇన్‌ఛార్జిని (ఎస్‌హెచ్‌ఓను) కలుస్తామని అడగండి. కుదరకపోతే అక్కడి నుంచే 100కు గానీ 112కు గానీ ఫోన్ చేయండి. మా డిపార్ట్‌మెంట్ మనిషినై ఉండి ఈ మాట రాస్తున్నాను. ఇలా అడగడం మీ హక్కు, ఇందులో ఎవరికీ కోపం రావాల్సిన పని లేదు.

"గంటలో పిల్లాడు వాడంతట వాడే వచ్చేస్తే మా మీద కేసు పెడతారా?" అని కూడా అడుగుతారు. పెట్టరు. అలా వచ్చేస్తే మాకంటే సంతోషించేవాళ్లు ఉండరు.

స్టేషన్‌కు వచ్చేటప్పుడు ఫోన్‌లో ఇటీవలి ఫోటో ఉంటే చాలు. ఆ రోజు వేసుకున్న బట్టలు, చెప్పులు, బ్యాగు రంగు, దగ్గరి స్నేహితుల నంబర్లు గుర్తు తెచ్చుకోండి. పిల్లలు వాడే ఫోన్, ట్యాబ్, ఇన్‌స్టా అకౌంట్ ఏదైనా ఉంటే చెప్పండి. వాటిని మీరు కెలికి పాస్‌వర్డ్‌లు మార్చొద్దు. ఇంట్లో తిట్టుకున్నారా, కొట్టారా అన్నది దాచకండి. ఎటు వెతకాలో దాన్నిబట్టే తెలుస్తుంది, మేం దాన్ని మీ తప్పు కింద రాసుకోం. ఇంకొకటి. వాట్సాప్ గ్రూపుల్లో ఫోటో పెట్టేటప్పుడు మీ సొంత నంబరు ఇవ్వకండి. "మీ పాప నా దగ్గరుంది, ముందు పది వేలు ఫోన్‌పే చెయ్యి" అని మోసగాళ్లు ఫోన్ చేస్తారు. ఆ టెన్షన్‌లో ఉన్న తల్లి ఆలోచించకుండా డబ్బు పంపేస్తుంది. స్టేషన్ నంబరే ఇవ్వండి. పిల్లలు దొరికాక ఆ పోస్టు తీసేయించండి, లేకపోతే ఏళ్ల తరబడి తిరుగుతూనే ఉంటుంది.

అపోహ: తెల్ల వ్యాన్‌లో ముఠా దిగింది, స్కూళ్ల దగ్గర పిల్లల్ని ఎత్తుకెళ్లి కిడ్నీలు తీస్తున్నారు.

వాస్తవం: ఈ వాయిస్ మెసేజ్ ప్రతి జూన్‌లోనూ వస్తుంది. ఊరి పేరు ఒక్కటే మారుతుంది. దొంగతనంగా తీసిన కిడ్నీ ఎవరికి పడితే వారికి పనికిరాదు. రక్తం కలవాలి, పరీక్షలు కావాలి, ఆపరేషన్ థియేటర్, సర్జన్ల బృందం ఉండాలి. ఇది వ్యాన్‌లో జరిగే పని కాదు. అక్రమ రవాణా నిజంగానే ఉంది, కాదనను. అది ఎక్కువగా పని ఇప్పిస్తామనో, పెళ్లి చేసుకుంటామనో మాయమాటలు చెప్పి తీసుకెళ్లే పద్ధతిలో నడుస్తుంది. జనవరిలో ఆపరేషన్ స్మైల్, జూలైలో ఆపరేషన్ ముస్కాన్ పేరుతో మేం బయటికి తెచ్చే పిల్లలు ఇటుక బట్టీల్లో, గాజుల కార్ఖానాల్లో, హోటళ్లలో దొరుకుతారు.

ఈ మెసేజ్‌ను "ఎందుకైనా మంచిది" అంటూ ఫార్వర్డ్ చేసేవాళ్లకు 2018 గుర్తు చేస్తాను. ఆ మే నెలలో చాంద్రాయణగుట్టలో ఒక ట్రాన్స్‌జెండర్‌ను పిల్లల్ని ఎత్తుకెళ్లే మనిషనే అనుమానంతో గుంపు కొట్టి చంపింది. జూలైలో హైదరాబాద్ నుంచి బీదర్ జిల్లాకు వెళ్లిన ఒక యువ ఇంజినీరు, అతని స్నేహితులు దారిలో బడి పిల్లలకు చాక్లెట్లు ఇచ్చారు. అంతే, కిడ్నాపర్లని వీడియోలు పాకిపోయాయి. తప్పించుకోబోయిన వాళ్ల కారును ముర్కి గ్రామంలో ఆపి కొట్టారు, ఆ యువకుడు చనిపోయాడు. పిల్లలకు చాక్లెట్ ఇచ్చినందుకు ఒక మనిషి ప్రాణం పోయింది.

అదే ఏడాది జోగులాంబ గద్వాల జిల్లాలో ఏం జరిగిందో కూడా తెలుసుకోవాలి. వేసవిలో ఆరుబయట పడుకునే జనం ఉన్నట్టుండి తలుపులు బిగించుకుని లోపల పడుకుంటున్నారని ఊళ్లలో తిరిగే పోలీసులు గమనించారు. అప్పటి ఎస్పీ రెమా రాజేశ్వరి ఊళ్లను సిబ్బందికి అప్పగించి, ఇంటింటికీ పంపి మాట్లాడించారు. డప్పులతో, పాటలతో ఊరూరా చెప్పించారు. అక్కడ ప్రాణనష్టం జరగలేదు. ఊళ్లో ఎవరు ఎక్కడ పడుకుంటున్నారో తెలిసేంతగా పోలీసు ఆ ఊరితో కలిసి ఉండటం వల్లే అది సాధ్యమైంది. నాకు మా ఉద్యోగంలో అన్నిటికంటే విలువైన పని అదే అనిపిస్తుంది.

పిల్లల భద్రతకు అసలు ముప్పు ఎక్కడుందో కూడా చెప్పాలి. ఏటా జాతీయ నేర గణాంకాల సంస్థ (ఎన్‌సీఆర్‌బీ) లెక్కల్లో పోక్సో అత్యాచారం కేసుల నిందితుల్లో పదిలో తొమ్మిది మందికి పైగా బాధిత పిల్లలకు తెలిసినవాళ్లే: ఇరుగుపొరుగు, బంధువులు, ఇంటికి వచ్చిపోయేవాళ్లు. తెల్ల వ్యాన్ గురించి హెచ్చరించినంత శ్రద్ధగా, "ఎవరైనా సరే, ఇబ్బందిగా ముట్టుకుంటే నాకు చెప్పు, నిన్ను తిట్టను" అని పిల్లలకు చెప్పండి.

అపోహ: అల్లరి చేస్తే పోలీసులు పట్టుకుపోతారని భయపెడితే పిల్లలు మాట వింటారు.

దయచేసి ఈ పని మానేయండి. అన్నం తినకపోతే, హోంవర్క్ చేయకపోతే నన్ను చూపించి "అదిగో పోలీసక్క" అంటారు. ఆ పిల్ల వెంటనే అమ్మ చీర చాటుకు పోతుంది. జాతరలో ఒకసారి ఐదేళ్ల పాప తప్పిపోయి, యూనిఫాం చూసి కొబ్బరికాయల దుకాణం బల్ల కింద దాక్కుంది. మేం మైకులో పేరు చెబుతున్నా బయటికి రాలేదు. చివరికి ఆ దుకాణం అవ్వ బుజ్జగించి ఎత్తుకొచ్చింది. పాప వెక్కుతూ నన్ను అడిగింది: "జైల్లో వేస్తావా?" ఆపదలో పరుగెత్తుకుని రావాల్సిన మనిషిని చూసి దాక్కోవడం నేర్పుతున్నాం పిల్లలకు. మేం స్కూళ్లకు వెళ్లి టోపీ పిల్లల తలమీద పెట్టి ఫోటోలు దిగేది ఆ భయం పోగొట్టడానికే. ఇంట్లో రోజూ భయపెడితే మా పది నిమిషాలు దేనికీ చాలవు.

మిగతావి క్లుప్తంగా.

పోక్సో ఫిర్యాదు ఇస్తే పిల్లల్ని స్టేషన్ చుట్టూ తిప్పుతారని భయం. వాంగ్మూలం పిల్లల ఇంట్లోనో, వాళ్లకు నచ్చిన చోటో, తల్లిదండ్రుల సమక్షంలో తీసుకోవాలి. ఆ అధికారి యూనిఫాంలో ఉండకూడదు. వీలైనంతవరకు మహిళా ఎస్‌ఐ తీసుకుంటారు. రాత్రిపూట పిల్లల్ని స్టేషన్‌లో ఉంచకూడదు. విషయం తెలిసీ పోలీసులకు చెప్పకుండా దాచడం నేరం, స్కూలు యాజమాన్యానికి మరీను.

"పక్క వీధిలోనే కదా స్కూలు" అని తొమ్మిదో తరగతి పిల్లాడికి బండి ఇస్తారు. మోటారు వాహనాల చట్టం 199ఏ ప్రకారం పిల్లాడు నేరం చేస్తే తండ్రికో బండి యజమానికో మూడేళ్ల దాకా జైలు, 25 వేల జరిమానా పడవచ్చు. బండి రిజిస్ట్రేషన్ ఏడాదిపాటు రద్దవుతుంది. ఆ అబ్బాయికి పాతికేళ్లు వచ్చేదాకా లైసెన్సు రాదు. వెనక కూర్చునే పిల్లలకు నాలుగేళ్లు దాటితే హెల్మెట్ తప్పనిసరి.

పసుపు రంగు వేసి ఉంటే బస్సు భద్రమే అనుకోవద్దు. ఫిట్‌నెస్ సర్టిఫికెట్ ఉందా, డ్రైవరు ఎవరు, బస్సులో అటెండర్ ఉన్నాడా అన్నది మీరే స్కూలును అడగండి. 2014 జూలై 24న మెదక్ జిల్లా మాసాయిపేటలో కాపలా లేని రైల్వే గేటు దగ్గర స్కూలు బస్సును రైలు ఢీకొని ఎంతోమంది పసివాళ్లు పోయారు. ఆ రోజు టీవీ చూసిన ఏ తల్లీ దాన్ని మరిచిపోలేదు. ఆటో అయితే పిల్లలు డ్రైవరు పక్కన వేలాడుతూ కూర్చున్నారేమో ఒక్కసారి గుమ్మంలోకి వచ్చి చూడండి. కనిపిస్తే ఆటో నంబరుతో సహా 100కు చెప్పండి. మీ పేరు ఆ డ్రైవరుకు చెప్పం.