గర్భసంచి తీసేస్తే క్యాన్సర్ రాదా? ఓపీలో రోజూ వినే అపోహలు - వాస్తవాలు

"మేడం, గర్భసంచికి పుండు అయిందట. తీయించుకోకుంటే క్యాన్సర్ అయితదన్నరు."

హన్మకొండలో గైనకాలజిస్టుగా నేను అన్నిటికన్నా ఎక్కువసార్లు వినే మాట ఇదే. చెప్పేది చాలాసార్లు ముప్పై ఏళ్లు కూడా నిండని అమ్మాయి. చేతిలో స్కానింగ్ రిపోర్టు ఉంటుంది, పక్కన అప్పు ఎక్కడ పుడుతుందా అని ఆలోచిస్తున్న భర్త ఉంటాడు. వాళ్ల భయాన్ని నేను తప్పు పట్టను. ఆ భయం పుట్టించినవాళ్ల మీదే నా కోపం.

అపోహ: తెల్లబట్ట, పుండు ముదిరితే క్యాన్సర్ అవుతుంది. పిల్లలు పుట్టాక గర్భసంచితో పనేముంది, తీసేస్తే మంచిది.

వాస్తవం: తెల్లబట్ట క్యాన్సర్‌గా మారదు. కొంత అవడం సహజం. దురద, దుర్వాసన ఉంటే చాలావరకు ఇన్ఫెక్షనే, మందులతో తగ్గుతుంది. "పుండు" అని చెప్పేది ఎక్కువ మందిలో హార్మోన్ల వల్ల గర్భాశయ ముఖద్వారం మీద కనిపించే ఎరుపు మాత్రమే. రిపోర్టులో "బల్కీ యూటరస్" అని ఉన్నంత మాత్రాన కంగారు పడకండి, కాన్పులైన వాళ్లకు గర్భసంచి కొంచెం పెద్దగానే ఉంటుంది. పైగా ముఖద్వార క్యాన్సర్‌కు ముందు వచ్చే మార్పులు పొట్ట స్కానింగ్‌లో కనిపించనే కనిపించవు.

ఈ క్యాన్సర్‌కు దాదాపు ప్రతి కేసులోనూ మూలం హెచ్‌పీవీ వైరస్. సోకినవారిలో ఎక్కువ మందికి అది దానంతటదే పోతుంది. పోనివాళ్లలో కూడా క్యాన్సర్ దాకా రావడానికి మామూలుగా 15 నుంచి 20 ఏళ్లు పడుతుంది. అంత వ్యవధి చేతిలో ఉండగా 28 ఏళ్ల అమ్మాయికి ఆపరేషన్ ఎందుకు?

కావాల్సింది పరీక్ష. ప్రభుత్వ మార్గదర్శకాల ప్రకారం 30 నుంచి 65 ఏళ్ల ఆడవాళ్లు ఐదేళ్లకోసారి వీఐఏ చేయించుకోవాలి. ముఖద్వారానికి పలచటి ఎసిటిక్ యాసిడ్ అద్ది, ఒక నిమిషం ఆగి చూస్తాం. తెల్లగా మారితే అనుమానించాలి. కోత లేదు, మత్తు లేదు, ఫలితం అప్పుడే తెలుస్తుంది. ముఖద్వారం కణాలను తీసి చూసే పాప్ స్మియర్, వైరస్ ఉందో లేదో తేల్చే హెచ్‌పీవీ డీఎన్ఏ పరీక్షలూ ఉన్నాయి. క్యాన్సర్‌కు ముందు దశ అని తేలితే చాలామందికి ఆ కాస్త భాగానికి వైద్యం చేసి ఇంటికి పంపిస్తాం. గర్భసంచి గర్భసంచిలాగే ఉంటుంది.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో గర్భసంచి తీయించుకున్నవాళ్లు దేశం మొత్తం మీద సుమారు 3 శాతం. మన తెలంగాణలో దాదాపు 8 శాతం. అనవసర ఆపరేషన్లను ఆపే మార్గదర్శకాలు అమలు చేయమని 2023లో సుప్రీంకోర్టే రాష్ట్రాలను ఆదేశించాల్సి వచ్చింది. ఫైబ్రాయిడ్లతో (గర్భసంచిలో పెరిగే, క్యాన్సర్ కాని గడ్డలు) రక్తం విపరీతంగా పోతూ మందులకు లొంగకపోతే, గర్భసంచి జారితే ఆపరేషన్ అవసరం పడొచ్చు, కాదనను.

నర్సంపేట వైపు నుంచి ఒకామె వచ్చింది. ఇరవై ఏడేళ్లకే గర్భసంచితో పాటు అండాశయాలు కూడా తీసేశారట. నలభై నిండకముందే ఒళ్లంతా వేడి ఆవిర్లు, నడుము నొప్పి. పత్తి ఏరడానికి వంగలేకపోతోంది. అండాశయాలు ముందే పోతే ఎముకలు గుల్లబారతాయి, గుండెజబ్బుల ముప్పు కూడా పెరుగుతుంది. వాటన్నిటికన్నా నన్ను కుదిపింది ఆమె రొమ్ములోని గడ్డ. ఏడాదిగా ఉంది. ఎవరికీ చూపించలేదు. "గర్భసంచే లేదు కద మేడం, ఇంక క్యాన్సర్ ఎట్లొస్తదనుకున్న. నొప్పి సుత లేకుండె" అంది. రొమ్ము క్యాన్సర్ గడ్డ మొదట్లో చాలామందికి నొప్పి పెట్టదమ్మా! ఆ ఆపరేషన్ ఆమెకు లేని ధైర్యం ఇచ్చింది, ఆ ధైర్యమే ఏడాది తినేసింది. హైదరాబాద్ ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రికి పంపాం, వైద్యం నడుస్తోంది.

మిగతావి త్వరగా చెప్తాను.

గడ్డకు సూది పరీక్ష చేస్తే క్యాన్సర్ పాకుతుందా? ఆ భయంతో వెనక్కి తగ్గకండి. ఆ పరీక్ష లేకుండా ఏ వైద్యం చేయాలో తేల్చలేం.

మా ఇంట్లో ఎవరికీ లేదు కదా? రొమ్ము క్యాన్సర్ వచ్చినవాళ్లలో ఎక్కువ మందికి ఇంట్లో ఎవరికీ ఉండదు.

హెచ్‌పీవీ సోకకుండా వేసే టీకా ప్రమాదమా? 2009లో ఖమ్మం జిల్లాలో హెచ్‌పీవీ టీకా వేసిన బాలికల్లో కొందరు చనిపోయారన్న వార్త తల్లులు ఇంకా మరిచిపోలేదు. ఆ మరణాలకు టీకాతో సంబంధం కనిపించలేదని విచారణ కమిటీ చెప్పింది. తల్లిదండ్రుల అనుమతి తీసుకోవడంలో మాత్రం తీవ్రమైన లోపాలు బయటపడ్డాయి, ఆ విషయంలో కోపం న్యాయమైనదే. టీకా మాత్రం మంచిది. 9 నుంచి 14 ఏళ్ల మధ్య వేయిస్తే బాగా పనిచేస్తుంది. టీకా వేసుకున్నా పెద్దయ్యాక పరీక్ష మానకూడదు.

భార్యాభర్తలు కలిశాక రక్తం కనబడినా, ముట్లు ఆగిపోయాక మళ్లీ రక్తం వచ్చినా, నెత్తురు కలిసిన నీచు వాసన బట్ట అవుతున్నా ఐదేళ్లకోసారి చేసే ఆ పరీక్ష (స్క్రీనింగ్) వంతు కోసం ఆగకండి, వెంటనే రండి. ఏ బాధా లేనివాళ్లు స్క్రీనింగ్ ఎక్కడ, ఏ రోజు చేస్తున్నారో మీ ఊరి ఆశ కార్యకర్తను అడగండి. ముట్టు రోజులు కాకుండా చూసుకుని వెళ్లండి. ఆపరేషన్‌కు ఇప్పటికే తేదీ ఇచ్చి ఉంటే, అడ్వాన్సు కట్టినా సరే, అంతకుముందే ఆ రిపోర్టులు పట్టుకుని ఇంకో గైనకాలజిస్టు దగ్గరికి వెళ్లండి.